మనం లేని చోట

పొద్దున్నే ఫోన్ చేతిలోకి తీసుకోగానే నన్ను ముందుగా పలకరించేది ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు. ఎప్పుడో ఒక పెళ్లిలో పక్కపక్కన కూర్చుని భోంచేశాం, నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం. ఆ మర్నాటి నుంచి బొమ్మలు మొదలయ్యాయి. ఒకరోజు తామరపువ్వు మీద శుభోదయం, ఒకరోజు వేంకటేశ్వరస్వామి, ఇంకోరోజు ఎవరిదో జయంతి. బొమ్మ ఏదైనా అడుగున నీలం పట్టీ మాత్రం మారదు. అందులో కోటు వేసుకున్న ఆయన ఫొటో, పేరు, సెల్ నంబరు, అన్ని రకాల పాలసీలకూ సంప్రదించమన్న మాట. పండక్కీ అదే పట్టీ, పెద్దవాళ్లెవరైనా పోయినప్పుడు పెట్టే నివాళికీ అదే పట్టీ. ఇలాంటివి తయారుచేసిపెట్టే యాప్‌లు బోలెడున్నాయి. ఒకసారి ఫొటో, నంబరు ఎక్కిస్తే చాలు, రోజుకో బొమ్మ అవే వండి వడ్డిస్తాయి. క్రితం నెల మా కారు పాలసీ గడువు దగ్గరపడింది. రోజూ కనబడే నంబరు చేతిలోనే ఉంది. అయినా నేను ఫోన్ చేసింది ఆయనకి కాదు. మా వీధి చివర మెడికల్ షాపు అబ్బాయి, "క్లెయిమ్ వస్తే షెడ్డు దగ్గరికి తనే వచ్చి నిలబడతాడు సార్" అని చెప్పిన ఇంకో ఏజెంటుకి చేశాను. ఆ మనిషి ముఖం నాకు ఇప్పటికీ తెలీదు. రోజూ చూసే ముఖాన్ని వదిలేసి ముఖం తెలియని మనిషిని ఎందుకు పిలిచానన్నది అప్పట్నుంచీ తొలుస్తూనే ఉంది. విసుగా? ఆయన మీద కోపమా అంటే అదీ లేదు. పెళ్లిలో వడ్డించేవాణ్ణి వెనక్కి పిలిచి నా విస్తట్లో ఇంకో గరిటె గుత్తొంకాయ వేయించిన మంచి మనిషి.

ఇది ఊసుపోక పుట్టిన కుతూహలం కాదు. నేను విజయవాడలో ఆడిటర్‌ని. నలుగురికీ తెలిస్తే తప్ప బతుకు నడవదు, కానీ నా గురించి నేను చెప్పుకోకూడదు. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం మొదటి షెడ్యూల్లో 6, 7 క్లాజులు తెలియని ఆడిటర్ ఉండడు. ప్రకటనలిచ్చో, సర్క్యులర్లు పంచో, మనిషిని కలిసి అడిగో పార్టీలను రప్పించుకుంటే అది వృత్తిపరమైన తప్పు కిందికి వస్తుంది. 2006 సవరణతో ఫర్మ్ వివరాలు, చేసే పనులు రాసుకునేందుకు కొంత వెసులుబాటు వచ్చింది గానీ, మేం చేరిననాటి భయం మాలో అలాగే ఉండిపోయింది. గవర్నర్‌పేటలో మా సీనియర్ గారి ఆఫీసు బోర్డు మెట్ల పక్కన ఉండేది, నల్లపలక మీద తెల్ల అక్షరాలతో. పక్క షాపువాడి బోర్డు రాత్రంతా దీపాలతో వెలిగిపోయేది, మాకు దుకాణాల తరహా దీపాల బోర్డు కూడదు. వెబ్‌సైటు పెట్టుకునేవాళ్లకీ ఇదే నీతి చెప్పారు: వెతుక్కుంటూ వచ్చినవాడికి కనబడొచ్చు, మనంతట మనం తీసుకెళ్లి ఎవరి ముందూ పెట్టకూడదు. లాయర్లకు బార్ కౌన్సిల్ 36వ నియమం ఇలాంటిదే. డాక్టర్లకు 2002 నాటి నియమావళి, పేపర్లో ప్రకటన ఎప్పుడు వేసుకోవచ్చో వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చెప్పింది: ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు, చిరునామా మారినప్పుడు, కొన్నాళ్లు అందుబాటులో లేనప్పుడు, ఇలా. కుర్రతనంలో ఈ పాతకాలపు బిడియం చూసి నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు పట్టీ బొమ్మలు చూస్తుంటే, ఆ నియమాలు రాసినవాళ్లకు మనిషి సంగతి ఎంతో కొంత తెలుసేమో అనిపిస్తోంది. అలాగని మెచ్చుకోవడానికీ మనసొప్పదు. ఆ నియమం చాటున పాతకాపులు హాయిగా ఉన్నారు, కొత్తగా వచ్చినవాడే నోరు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. పేరున్నవాడికి ప్రచారం అక్కర్లేదు, పేరు లేనివాడికి నియమం అడ్డు. మరి మాకు పని ఎలా వచ్చినట్టు?

ఆలోచిస్తే 2017 వేసవి గుర్తొస్తుంది. జూలై 1 నుంచి జీఎస్టీ. కొట్టులో ఉన్న సరుకు మీద అప్పటికే కట్టిన పాత పన్ను కొత్త ఖాతాలోకి తెచ్చుకోవాలంటే ట్రాన్-1 అని ఒక ఫారం. దేనికి బిల్లుంది, దేనికి లేదు అని వన్‌టౌన్ అంతా అటకలు దింపి లెక్కలు వేసుకుంటున్న రోజులు. అక్కడ ఒక రంగుల కొట్లో గుమాస్తా ఒకాయన పరిచయమయ్యాడు. ఆయన ఆ ఒక్క కొట్టు మనిషి కాదు. పొద్దున ఒక చోట, మధ్యాహ్నం ఇంకో చోట, దీపాలు పెట్టాక మూడో చోట ట్యాలీలో లెక్కలు ఎక్కించే పార్ట్‌టైమ్ గుమాస్తా. ఏ కొట్టు పెన్‌డ్రైవు ఆ కొట్టుదే, అన్నీ ఒకే తాళాలగుత్తికి వేలాడుతూ ఉండేవి. నాకు ఆయన పార్టీ కాడు, ఆ కొట్టూ అప్పటికి నాది కాదు. అయినా రాత్రి పది దాటాక ఫోన్ చేసేవాడు. "సార్, గోడలకి పెట్టే పుట్టీ రంగుల్లోకి వస్తుందా, దానికి కోడు వేరేనా?" తెలిస్తే చెప్పేవాణ్ణి, తెలియకపోతే చూసి మర్నాడు చెప్పేవాణ్ణి. అందులో నా ఉదారబుద్ధి ఏమీ లేదు, ఆ చట్టం నాకూ కొత్తదే, ఆయన అడిగే ప్రశ్నలు నాకు పాఠాలు. దసరా వెళ్లాక పార్టీలు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. రంగులు, శానిటరీ, ఎలక్ట్రికల్ సామాను. ఎవరు పంపారంటే అందరూ ఆ గుమాస్తా పేరే చెప్పారు. ఉండబట్టలేక ఒకాయన్ని అడిగాను, నా గురించి ఏం చెప్పాడండీ అని. చదువు గురించో, చేసిన కేసుల గురించో వింటానని లోపల ఆశ. ఆయన కాసేపు గుర్తుచేసుకుని, "ఫోన్ ఎత్తుతారని చెప్పాడండీ" అన్నాడు.

అంతే. ఇన్నేళ్ల చదువు, ఆర్టికల్స్, నిద్రలేని పరీక్షలు, అన్నీ కలిసి వన్‌టౌన్‌లో రెండు మాటలయ్యాయి. మొదట చిన్నబుచ్చుకున్నాను. తర్వాత్తర్వాత ఆ రెండు మాటల బలం అర్థమైంది. మన పని గురించిన నిర్ణయం మన ఎదుట జరగదు. ఒక కొట్టు గల్లా దగ్గర, ఒక టీ బండి దగ్గర, ఒక ఆస్పత్రి వరండాలో ఎవరో ఎవరినో "మీకు తెలిసిన మంచి మనిషి ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. అక్కడ మనం ఉండం. మన కార్డు ఉండదు, మన కోటు ఫొటో ఉండదు. ఉండేది చెప్పేవాడి నోట్లో ఒక ముక్క. ఆ ముక్క చెప్పేవాడు తన పరువు పూచీ పెట్టి చెబుతాడు. మెడికల్ షాపు అబ్బాయి చెప్పిన ఏజెంటు రేపు నా ఫోన్ ఎత్తకపోతే, నేను మందులకి వెళ్లిన ప్రతిసారీ ఆ అబ్బాయి నా ముఖం చూడాలి. అందుకే గొప్ప గొప్ప విశేషణాల జోలికి పోడు. తనకి తెలిసినంత, తను చూసినంత చెబుతాడు. ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్ల గురించి డ్రైవర్లు మాట్లాడుకోవడం విన్నారా? "రేటు కాస్త ఎక్కువే గానీ అన్న తేదీకి బండి బయటికొస్తుంది." బండి షెడ్డులో నిలబడ్డ రోజుకీ ఫైనాన్స్ కిస్తీ ఆగదు కాబట్టి, ఆ ఒక్క మాటకి అక్కడ ఉన్న విలువ ఏ బోర్డుకీ ఉండదు. ఇంగ్లీషులో నెట్‌వర్కింగ్ అని ఎంత పెద్ద పుస్తకాలు రాసినా, అడుగున ఉన్నది ఈ ముక్కేనేమో. మనం లేని చోట మన గురించి ఒకరు ధైర్యంగా చెప్పగల మాట ఒకటి పుట్టించుకోవడం.

మరి పుట్టించుకోవడానికి ఎంతవుతుంది? పైసా ఖర్చు లేని ప్రచారం అని తెగ చెబుతుంటారు. నాకు లెక్కల వాడి అనుమానం ఒకటుంది: ఖర్చు లేకపోవడమంటూ ఉండదు, అది ఎవరి ఖాతాలో రాశారన్నదే ప్రశ్న. పొద్దుటి బొమ్మకి ఏజెంటు ఖర్చు పెట్టలేదు, నేను పెట్టాను. చూసిన క్షణం నాది, చెరిపిన క్షణం నాది, తిరిగి శుభోదయం అనాలా వద్దా అన్న మొహమాటం నాది. ఇలాంటివాళ్లు పాతికమంది ఉంటే పొద్దుటి కాఫీ చల్లారిపోతుంది. దీనికి ముందు తరం క్యాలెండర్ చూడండి. కొత్త సంవత్సరం రాగానే కిరాణా కొట్టువాడు క్యాలెండర్ని చుట్టచుట్టి రబ్బరుబ్యాండు వేసి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇచ్చేవాడు. పైన కొట్టు పేరు, కింద తిథి, వర్జ్యం, రాహుకాలం. మా ఇంట్లో అయితే ఆ గళ్లలోనే పాలవాడు రాని రోజుకి సున్నా, గ్యాస్ బండ మార్చిన తేదీ, చాకలికి వేసిన బట్టల లెక్క. అచ్చు ఖర్చు కొట్టువాడిది, ఏడాది పొడుగునా ఉపయోగం మనది. అందుకే ఆ పేరు గోడ మీద ఉన్నా ఎవరికీ బరువనిపించలేదు. ఏజెంటు బొమ్మా పేరు చూపించేదే, క్యాలెండరూ పేరు చూపించేదే. ఒకదాన్ని చెరిపేస్తాం, ఇంకోదాన్ని మేకు కొట్టి తగిలించుకుంటాం. తేడా అంతా ఖర్చు ఎవరిదన్న దగ్గరే ఉంది.

ఈ రహస్యం తెలిసిన మనిషి మనలో నూరేళ్ల పైచిలుకు కిందటే ఉన్నాడు. కృష్ణా జిల్లా యలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. తర్వాత 1908లో అదే ఊళ్లో ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టి, 1914లో మద్రాసుకు తెచ్చి దినపత్రిక చేశారు. దేశోద్ధారకుడిగా ఆయన్ని తలుచుకునేవాళ్లం ఆయనలోని వ్యాపారిని కాస్త మరిచిపోతాం. కొత్త మందు, తెలియని పేరు. పది అణాలు పెట్టి ఎవరు కొంటారు? ఆయన సంగీత కచేరీల దగ్గర దాన్ని ఊరికే పంచిపెట్టారట. నాకు ఆ దృశ్యం ఊహించుకోవడం ఇష్టం. కిక్కిరిసిన హాలు, ఉక్కపోత, రాగం మీద రాగం, గంటల కొద్దీ కదలకుండా కూర్చున్న జనం. నుదురు పట్టుకున్న పెద్దమనిషి చేతిలో చిన్న పచ్చటి ముద్ద. అది మంచిదని ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, నుదుటి మీద ఘాటే చెబుతుంది. ఆ వాసన పక్క కుర్చీదాకా పోతుంది, పక్క కుర్చీ మనిషి ఏమిటది అని అడుగుతాడు. ఇక ఆ తర్వాత జవాబు చెప్పేది పంతులు గారు కాదు, రాసుకున్నవాడు. మందు ఖర్చు ఆయన భరించారు, మాట మాత్రం ఊరివాళ్ల నోటికి అప్పగించారు. పైగా జనం ఏ బాధతో ఎక్కడ కూర్చుని ఉంటారో చూసి అక్కడికి వెళ్లారు. ఇప్పుడు మార్కెటింగ్ క్లాసుల్లో బోర్డు నిండా గీతలు గీసి చెప్పేది ఇంతకన్నా ఎక్కువేముంది?

ఇక్కడ ఒక సందేహం. చేతిలో పెట్టడానికి మందుసీసా ఉన్నవాడి సంగతి సరే. విద్యే తప్ప సరుకు లేనివాడు ఏం పంచుతాడు? దానికి జవాబు తిరుపతి వేంకట కవుల దగ్గర దొరికింది నాకు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి సంస్థానాలు తిరిగిన రోజుల్లో కవికి ఆదాయమంటే రాజుగారి సన్మానమే. గద్వాల, ఆత్మకూరు, వనపర్తి, ఎక్కడికి వెళ్లినా ముందు దివాను దగ్గర పడిగాపులు, ఆస్థాన పండితుల ఓరచూపులు. అక్కడ నిలబడి మేం గొప్ప కవులం అంటే వినేదెవరు? అన్నారు కూడా, మొహమాటం లేకుండా. తమను గెలిచినవాళ్లుంటే తీసేస్తామని మీసాలు పెంచి మరీ సవాలు విసిరారు. కానీ ఆ మీసాల వెనక అవధానం ఉంది. సమస్య ఇచ్చేవాడు ఒకడు, దత్తపది ఒకడు, అక్షరం అక్షరానికీ అడ్డుపడే నిషిద్ధాక్షరి ఒకడు, మధ్యలో ఊరికే కవ్వించే అప్రస్తుత ప్రసంగి. ప్రశ్న అవతలివాడిది, పరీక్ష బహిరంగం, తప్పితే పరువు అక్కడికక్కడే పోతుంది. శతావధానమైతే నూరుమంది పృచ్ఛకులు. ఆ నూరుమందీ ఇంటికి వెళ్లి తమ ప్రశ్నకి వచ్చిన పద్యాన్ని తమ సొత్తులా చెప్పుకుంటారు. నూరు ఇళ్లలో నూరు పద్యాలు! ఆ తర్వాత పాండవోద్యోగ విజయాల పద్యాలు నాటకాలెక్కి, ఆ కవులను కంటితో చూడనివాళ్లు కూడా పొలం గట్ల మీద పాడుకునేదాకా వెళ్లాయి. వేంకట శాస్త్రి గారు బందరు హైస్కూల్లో పాఠాలు చెప్పారు, చివరికి ఆస్థానకవి అయ్యారు. ఆయన గొప్ప చెప్పుకోలేదని ఎవరూ అనలేరు. కాకపోతే అన్న గొప్పను అడిగినవాడి ప్రశ్న మీద అక్కడే నిలబెట్టి చూపించారు. రాత్రి పదింటికి పుట్టీ కోడు అడిగిన గుమాస్తా కూడా ఒక రకం పృచ్ఛకుడే కదా అనుకుంటే నాకు కాస్త గర్వంగానే ఉంటుంది.

అయితే మాట ఎవరి నోట పోతే దూరం పోతుంది? అన్నదమ్ములు, ప్రాణస్నేహితులు మన గురించి మంచే చెబుతారు, కానీ వాళ్లు తిరిగే ఇళ్లూ మనం తిరిగే ఇళ్లూ ఒకటే. అమెరికాలో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ఈ సంగతి మీదే ఒక వ్యాసం రాశాడు. బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్లో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను పట్టుకుని, ఆ చెప్పిన మనిషిని అప్పట్లో మీరెంత తరచుగా కలిసేవారని అడిగాడు. తరచుగా కలిసేవాళ్లమన్నవారు సుమారు 17 శాతం. అప్పుడప్పుడూ అన్నవారు 56 శాతం. ఎప్పుడో గానీ కలవమన్నవారు 28 శాతం. ఉత్త ముఖపరిచయాలు మనకు తెలియని లోకాల కబుర్లు మోసుకొస్తాయని ఆయన వాదన. 2022లో లింక్డిన్‌లో 2 కోట్ల మంది మీద అయిదేళ్ల పాటు చేసిన పరిశోధన వచ్చింది. మరీ దగ్గరివాళ్లూ కాక, మరీ ఎరగనివాళ్లూ కాక, మధ్యరకం పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ అక్కరకొచ్చాయని తేల్చింది. అందులో నాకు నచ్చిన మెలిక ఒకటుంది. కంప్యూటర్ల మీద నడిచే రంగాల్లో పలచటి పరిచయాలు బాగా పనిచేశాయి, అంతగా కంప్యూటర్లు ఎక్కని రంగాల్లో దగ్గరి బంధాలకే బలం ఎక్కువ. మాదాపూర్‌లో కూర్చున్న కుర్రాడి సూత్రం ఆటోనగర్ షెడ్డుకి ఉన్నదున్నట్టు సరిపోకపోవడంలో వింతేముంది? మా గుమాస్తా మాత్రం రెండింటి మధ్యా ఉన్నాడు. ఏ కొట్టుకీ పూర్తిగా చెందడు, ప్రతి కొట్టులోనూ కుర్చీ ఉంది. ఇలాంటివాళ్లు ప్రతి వృత్తికీ ఉంటారు. డాక్టరుకి మందుల కంపెనీ రెప్, ఇంజనీరుకి సిమెంటు కొట్టువాడు, లాయరుకి దస్తావేజులు రాసే లేఖరి. పెద్దవాళ్ల పరిచయాల కోసం అర్రులు చాస్తూ మనం వీళ్లను దాటుకుంటూ పోతుంటాం.

ఇంత చెప్పాక అసలు చేదు మాట దాటేస్తే అబద్ధమవుతుంది. మన దగ్గర పరిచయమంటే మొదటి ప్రశ్న "ఏ ఊరండీ?" రెండోది "ఇంటిపేరు?" ఆ రెండో ప్రశ్న దేనికో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. "మనవాడే" అన్న ఒక్క మాటతో ఇక్కడ ఫైళ్లు కదులుతాయి, ఇళ్లు అద్దెకి దొరుకుతాయి, ఆడిటర్లు మారతారు. కులసంఘం వనభోజనాల్లో ఒక్క మధ్యాహ్నం దొరికే పరిచయాలు బయటివాడికి పదేళ్లయినా దొరకవు. నాకు దొరికినవాటిలో అలాంటివి లేవని నేను చెప్పలేను. పుస్తకాలు చెప్పే చిట్కాలన్నీ అందరూ ఒకే గీత దగ్గర నిలబడి పరుగు మొదలుపెట్టినట్టే మాట్లాడతాయి. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవాడికి, భర్త ఊరు వచ్చి కొత్తగా ఆఫీసు తెరిచిన ఆడమనిషికి, సాయంత్రాల సిట్టింగులకి పోలేనివాళ్లకి, పోనివాళ్లకి, మనవాళ్లంటూ ఎవరున్నారు? నాకు తోచినంతలో, ముఖపరిచయం విలువ అందరికన్నా ఎక్కువగా వీళ్లకే. రక్తం వల్లో, ఊరి వల్లో రానిది పని వల్ల వచ్చే దారి అదొక్కటే. కానీ ఆ దారి పొడుగు. ఓపికపట్టమని చెప్పడం అద్దె కట్టుకోగలిగినవాడికి తేలిక.

ఆ లోటు పూడ్చడానికేనేమో పరిచయాలను ఒక పద్ధతిలో పెట్టాలని చాలామంది చూశారు. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మొదలుపెట్టిన రోటరీ తొలిరోజుల్లో ఒక్కో వృత్తికి ఒక్కరే సభ్యుడు. ఒకరి ఆఫీసులో ఒకసారి, ఇంకొకరి ఆఫీసులో ఇంకోసారి వంతులవారీగా కలిసేవాళ్లు కనుకే ఆ పేరు. 1985లో ఐవన్ మైస్నర్ పెట్టిన బీఎన్ఐ అదే సూత్రాన్ని పక్కా వ్యాపారం చేసింది. వారం వారం సమావేశం, ఒక్కో వృత్తికి ఒక్క కుర్చీ, నిలబడి క్షణాలు లెక్కపెట్టుకుంటూ పరిచయం, ఎవరు ఎవరికి ఎంత పని ఇప్పించారో లెక్క. ఇచ్చినవాడికే లాభమని వాళ్ల నినాదం. హైదరాబాదులో, మా ఊళ్లో కూడా పొద్దున్నే హోటల్ హాల్లో ఇడ్లీ ప్లేటుతో ఇవి జరుగుతాయి. ఒక స్నేహితుడి అతిథిగా వెళ్లి చూశాను. టైల్స్ వ్యాపారి, పళ్ల డాక్టరు, కేటరింగ్ ఆయన, అందరూ చకచకా లేచి చెప్పి కూర్చుంటున్నారు. వెక్కిరించాలనిపించలేదు. మనవాడు కానివాణ్ణి కూడా కుర్చీ వేసి కూర్చోబెట్టే చోటు అది, చందా కట్టగలిగితే. అయినా చిన్న ముల్లు గుచ్చుకుంది. ఇచ్చిన సాయం పట్టీలోకి ఎక్కాక అది సాయమా, చేబదులా? రేపు వస్తుందని ఇచ్చేదానికీ, ఊరికే ఇచ్చేదానికీ పుచ్చుకునేవాడికి తేడా తెలియదా? తెలుస్తుందనే నా నమ్మకం. కానీ ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. గుమాస్తా ఫోన్ ఎత్తినప్పుడు నా లోపల ఏ మూలా లెక్క లేదని ప్రమాణం చెయ్యమంటే చెయ్యలేను. మనసులో లెక్క ఉన్నా, చేసిన పని మాత్రం నిజంగా పనికొచ్చేదై ఉంటే చాలునేమో. కచేరీలో తలనొప్పి తగ్గినవాడికి పంతులు గారి మనసులో ఏముందన్నది అంత ముఖ్యమా?

మా ఆఫీసులో ఆర్టికల్స్ చేసి సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్న అమ్మాయి ఒకామె ఉంది. ఆమె తొలి ఏడు గడిచిన తీరు చూశాక ఈ విషయంలో నాకున్న సిద్ధాంతాలు కొన్ని సర్దుకున్నాను. తాను ఉంటున్న అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు ఎవరూ ముట్టుకోకపోతే తను తీసుకుంది. నెల తిరగ్గానే ఒక్క కాగితం లిఫ్ట్ పక్కన అతికించేది. నేను చూశాను ఆ కాగితం. వాచ్‌మన్ జీతం, బోరు మోటారు రిపేరు, జనరేటర్ డీజిల్, ట్యాంకర్ నీళ్లు; క్రితం నెల ఎంత, ఈ నెల ఎంత, ఎందుకు పెరిగింది. పెరిగినదాని పక్కన చిన్న అక్షరాల్లో కారణం: "మోటారు కాలింది, కొత్త వైండింగ్." కింద తన డిగ్రీ గానీ ఫోన్ నంబరు గానీ లేవు. లిఫ్ట్ వచ్చేదాకా ప్రతివాడూ దాన్ని చదవక తప్పదు. ఫ్లాటుకొకరు ఒక్కో ఉద్యోగం, ఒక్కో వ్యాపారం. మెయింటెనెన్స్ మీద ప్రతి నెలా జరిగే గొడవ సద్దుమణిగింది. తర్వాత మూడో అంతస్తు ఆయన తన తమ్ముడి హోటల్ లెక్కలు చూస్తావా అమ్మా అని అడిగాడు, అయిదో అంతస్తు ఆవిడ తన ఆస్పత్రి టీడీఎస్ నోటీసు పట్టుకొచ్చింది. నూరు మెసేజీల్లో లేనిది ఆ ఒక్క కాగితంలో ఏముంది? ఆమె శ్రమ ఆమె పెట్టింది, చదివినవాళ్లకి వాళ్ల డబ్బు ఎటు పోయిందో తెలిసింది.

ఇదంతా ఆమెకి నేను గొప్పగా విశ్లేషించి చెబితే, విని, "బానే ఉంది సార్, కానీ లిఫ్ట్ లేని బిల్డింగులో ఉండుంటే?" అంది. జవాబు తట్టలేదు. మంచి పని తనంతట తనే నలుగురికీ తెలుస్తుందన్నది పని దొరికినవాళ్లు చెప్పుకునే ఊరట. తెలియకుండా ఉండిపోయిన మంచి పనివాళ్ల గురించి మనకి తెలిసే అవకాశమే లేదు కదా. కొంత చెప్పుకోవాలి, కొంత అడగాలి. ఎవరిని, ఎలా అన్నదే చిక్కు. ఆమె ఆ చిక్కు అక్కడే తెంపేసింది. "20వ తేదీ ముందు మీ ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు మీద పడుతుంటాయి కదా. మీ వల్ల కానివి నాకు పంపండి. నేను చేస్తాను." చుట్టూ తిప్పడం లేదు, సిగ్గు లేదు, పొగడ్త లేదు. ఇన్నేళ్లుగా మా నోరు కట్టేసిన ఆ 6వ క్లాజు చివరే ఒక మినహాయింపు ఉంది: ఒక ఆడిటర్ ఇంకో ఆడిటర్‌ని పని అడగొచ్చు. అందరం చదివిందే, వాడుకునేవాళ్లే తక్కువ. రెండు శానిటరీ కొట్ల ఫైళ్లు ఆ వారమే పంపించాను. కొట్టువాళ్లు అడగనే అడిగారు, ఆవిడ పని ఎలా ఉంటుందండీ అని. "లెక్క మీకు అర్థమయ్యేట్టు చెబుతుంది" అన్నాను. ఆ మాటకి పూచీ నాది.